మామిడి ఆకు డీఎన్‌ఏ గోధుమ రంగులో వస్తోంది, పీసీఆర్ పనిచేయట్లేదు. ఎందుకు?

సీటాబ్ (కణాలను పగలగొట్టే డిటర్జెంట్) పద్ధతిలో డీఎన్‌ఏ తీశారు, ట్యూబు అడుగున చేరిన పెల్లెట్ గోధుమ రంగులో జిగురుగా ఉంది, నానోడ్రాప్‌లో (కాంతిని పీల్చుకునే తీరును బట్టి డీఎన్‌ఏ శుభ్రతను కొలిచే యంత్రం) 260/280 నిష్పత్తి మాత్రం 1.8 వచ్చింది, అయినా పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పద్ధతి) చేశాక జెల్ మీద ఒక్క బ్యాండూ లేదు. ఇదే కదా మీ బాధ? ఎమ్మెస్సీ ప్రాజెక్టులో బంగినపల్లి ఆకులతో సరిగ్గా ఇక్కడే నాకు మూడు వారాలు పోయాయి.

నేనూ ఆ 1.8 చూసి సంబరపడ్డాను. అది ముఖ్యంగా ప్రొటీన్ కల్తీ సంగతే చెబుతుంది. దాని పక్కనే ఉండే 260/230 చూడండి, 2కి అటూఇటూగా ఉండాలి. నాది 0.6. అంటే డీఎన్‌ఏతో పాటు ఫినాల్సు (ఆకును నల్లబరిచే పదార్థాలు), పాలీశాకరైడ్లు (జిగురు, పిండి లాంటివి) కూడా దిగిపోయాయన్నమాట. అవి ఉంటే పీసీఆర్‌లో కాపీలు తీసే ఎంజైము టాక్ పాలిమరేజ్ పని చేయదు.

రంగు సంగతి ముందు. వంకాయ తరిగి ఉప్పునీళ్ళలో వేయకపోతే ఎలా నల్లబడుతుందో, నూరిన మామిడి ఆకూ అంతే, ఇంకాస్త తొందరగా. అలా ఆక్సీకరణ చెందిన ఫినాల్సు డీఎన్‌ఏని పట్టుకున్నాయంటే తర్వాత ఎన్నిసార్లు ఇథనాల్‌తో కడిగినా వదలవు. ఒకరోజు ద్రవ నైట్రోజన్‌లో నూరిన పొడిని ట్యూబుల్లోకి ఎత్తి, బఫర్ (సీటాబ్, ఉప్పు కలిపిన ద్రావణం) పోయకుండా ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డాను. వచ్చి చూస్తే పొడి చెమ్మగిల్లి టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. ఆ బ్యాచ్ మొత్తం పారబోశాను. అప్పటినుంచి బఫర్‌ని 65 డిగ్రీల దగ్గర ముందే వేడి చేసి పెట్టుకుని, పొడి చల్లగా ఉండగానే అందులో వేసేదాన్ని. బఫర్‌లో ఫినాల్సును పట్టేసే పీవీపీ 2 శాతం తప్పనిసరి. ఆక్సీకరణను ఆపే బీటా మెర్కాప్టోఇథనాల్ ఏ రోజుకారోజు కలుపుకోవాలి. కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, పైగా విషం, ఫ్యూమ్ హుడ్ బయట మూత తీయకండి.

ఇక జిగురు. అది ఆకులోని పాలీశాకరైడ్లది. బఫర్‌లో ఉప్పు మామూలుగా 1.4 మోలార్ వేస్తారు, నేను 2కి పెంచాను. ఉప్పు ఎక్కువుంటే ఆల్కహాల్ పోసినప్పుడు డీఎన్‌ఏ దిగుతుంది, జిగురు చాలావరకు ద్రవంలోనే ఉండిపోతుంది. ముదురాకులు మానేసి, రాగి రంగు పోయి లేతపచ్చకు తిరుగుతున్నవి తెల్లవారుజామున కోసేదాన్ని, రాత్రంతా పిండిపదార్థం ఖర్చయిపోయి ఉంటుంది కాబట్టి. ట్యూబుకి 100 మిల్లీగ్రాములు చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ డీఎన్‌ఏ వస్తుందని అందరికీ ఆశ, వచ్చేది గంజి. క్లోరోఫామ్-ఐసోఅమైల్ ఆల్కహాల్ (24:1) కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం రెండుసార్లు చేసి, డీఎన్‌ఏ ఉండే పై పొర మాత్రమే తీసుకోండి. మధ్యలో మీగడలా పేరుకున్న తెల్లటి పొర జోలికి పోవద్దు. ఆ కాస్త ద్రవం వదులుకున్నా నష్టం లేదు.

ఇదంతా మళ్ళీ మొదలుపెట్టే ముందు, చేతిలో ఉన్న శాంపిల్‌ని పది రెట్లు, యాభై రెట్లు పలచన చేసి పీసీఆర్ పెట్టి చూడండి. మా సీనియర్ ఈ మాట చెబితే నవ్వాను. బ్యాండే రాకపోతే డీఎన్‌ఏ ఇంకా తగ్గించడమేమిటని! పది రెట్లకే బ్యాండు వచ్చింది. డీఎన్‌ఏతో పాటు అడ్డుపడేవీ పలచబడతాయి కదా. అప్పటికీ రాకపోతే, మీ ల్యాబ్‌లో ఎప్పుడూ బాగా వచ్చే ఏదైనా పీసీఆర్‌లో ఈ మామిడి శాంపిల్ ఒక మైక్రోలీటర్ కలపండి. ఆ బ్యాండు కూడా మాయమైతే తప్పు శాంపిల్‌లో అడ్డుపడేవాటిదే, ప్రైమర్లను (ఏ ముక్కను కాపీ చేయాలో చూపే చిన్న డీఎన్‌ఏ తునకలు) తిట్టుకోనక్కర్లేదు.