పొట్టి దుస్తులు, పడే చూపు: కొలతలు తీసుకునే మనిషిగా నా జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక కోరమంగలలోనూ ఇందిరానగర్‌లోనూ పొట్టి దుస్తులు వేసుకున్న అమ్మాయిలు ఎదురైతే చూపు అటే పోతోందని, ఆ తప్పు మీదా వాళ్లదా అని మొదటిది. త్వరలో మీ చెల్లెలు కూడా ఇక్కడికే ఉద్యోగానికి వస్తోంది కనుక, ఆమె దుస్తుల విషయంలో అన్నగా ఏం చెప్పాలన్నది రెండోది. నేను హిందూపురం నుంచి వచ్చి మారతహళ్లి దగ్గర చాలా ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుట్టే కొట్టు నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఒళ్లు ఎంత కనిపించాలి, ఎంత దాచాలి అన్నదాని మీద రోజూ అంగుళాల్లో బేరం నడిచే చోట కూర్చుంటాను కాబట్టి, నాకు తెలిసినంత చెబుతాను.

చూపు పడటంలో తప్పు లేదు. వయసులో ఉన్న మనిషికి అందమైన మనిషి ఎదురైతే మనసు ఒక్క క్షణం అటు లాగుతుంది. దానికి సిగ్గుపడనక్కర్లేదు, ఎదుటివాళ్ల మీద నెపం వెయ్యనూ అక్కర్లేదు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. అయితే ఆడవాళ్లెవరూ ఆకర్షణ కోసం దుస్తులు వేసుకోరనీ, అంతా సౌకర్యం కోసమేననీ కొందరు వాదిస్తుంటారు. నా కొట్లో అద్దం ముందు నిలబడేవాళ్లను చూశాక ఆ మాట నాకు నమ్మబుద్ధి కాదు. కుట్టిన జాకెట్టు వేసి చూసుకునేటప్పుడు ముందు ఎదురుగా చూసుకుంటారు, తర్వాత పక్కకు తిరుగుతారు, ఆ పైన మెడ తిప్పి వీపు ఎలా కనిపిస్తోందో చూసుకుంటారు, చివరికి నా చేతికి ఫోన్ ఇచ్చి వెనక నుంచి ఒక ఫోటో తియ్యమంటారు. బాగా కనిపించాలనే కుట్టించుకుంటారు. అది ఒకరికి కొత్తగా పెళ్లైన భర్త కోసం, ఒకరికి ఇంకా పేరు చెప్పని ఎవరి కోసమో, చాలామందికి పెళ్లిలో ఎదురయ్యే తోటికోడళ్ల కోసం, ఇంకెందరికో తమ ముచ్చట కోసం. మెట్రోలో ఎదురు సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి కోసం కుట్టించుకుంటున్నామని మాత్రం ఇంతవరకు నాతో ఎవరూ అనలేదు.

ఇక ఏది పొట్టి, ఏది పద్ధతి అన్న లెక్క. నిశ్చితార్థానికి జాకెట్లు కుట్టించుకోవడానికి ధర్మవరం వైపు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. పిల్ల చేతులు లేని జాకెట్టు కావాలంది. తల్లి నా వైపు తిరిగి, "ఇక్కడ ఎట్లున్నా చెల్లుతాది గానీ, మా ఊర్లో నలుగురూ చూస్తారమ్మా, మోచేతి దాకా చేతులు పెట్టు" అంది. నేను ఇంకా పుస్తకంలో రాసుకోకముందే పిల్ల అందుకుంది. "అక్కా, మా అమ్మ వీపు కొలత చదువు. ఆది జాకెట్టు కంటే రెండంగుళాలు దించి, పైన డోరీ పెట్టమనింది." తల్లికి ఏమాత్రం తడబాటు లేదు. "అది చీర కదా పాపా" అంది.

ఆమె కపటంగా అనలేదు, నిజంగానే అలా అనుకుంటోంది. చీరలో నడుము, పొట్ట పక్క, వీపులో సగం కనిపించినా అది నిండుదనమే. మోకాలు కనిపించే నిక్కరు వేసుకుంటే, పైన మెడ దాకా చొక్కా ఉన్నా అది బరితెగింపు. నా చేతిలోని టేపుకు ఈ తేడా అందదు. ఎంత చర్మం కనిపిస్తోందన్నది ఒక లెక్క, మన కన్ను దేనికి అలవాటు పడిందన్నది ఇంకో లెక్క, తీర్పులన్నీ రెండో లెక్క మీదే నడుస్తుంటాయి. మా అమ్మమ్మ వయసు ఆడవాళ్లలో రవిక లేకుండా చీర కట్టి పొలానికి వెళ్లినవాళ్లు చాలామంది ఉండేవారు, ఊళ్లో ఎవరూ వాళ్లను వేలెత్తి చూపలేదు. ఇక్కడి నుంచి మనవాళ్లు శనాదివారాల్లో కుటుంబాలతో బేలూరు వెళ్తారు. 1117లో ప్రతిష్ఠ జరిగిన ఆ చెన్నకేశవాలయంలో చూరు కింద నిలబడిన మదనికలనే ఆడబొమ్మల ఒంటి మీద నగలే తప్ప పైన బట్ట ఉన్నట్టే కనిపించదు. అద్దం చూసుకునే దర్పణ సుందరి ముందు మామగారూ కోడలూ కలిసి ఫోటో దిగుతారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

జాకెట్టు సంగతి వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే నేను కుట్టే ఈ చిన్న గుడ్డ కోసం దక్షిణాదిలో పెద్ద పోరాటమే జరిగింది. ఇప్పటి కన్యాకుమారి జిల్లా కలిసి ఉన్న తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ కులపు స్త్రీలు రొమ్ము కప్పుకోకూడదన్న కట్టడి ఉండేది. వాళ్లలో క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లు కుప్పాయమనే జాకెట్టు తొడుక్కోవడం మొదలుపెడితే వాళ్ల మీద దాడులు జరిగాయి, బట్టలు చింపారు. దశాబ్దాల గొడవ తర్వాత, మద్రాసు గవర్నరు ఒత్తిడి కూడా తోడై, 1859 జూలైలో మహారాజు వాళ్లకు జాకెట్టు అనుమతించారు. అప్పుడు కూడా పై కులాల స్త్రీలు కప్పుకునే తీరులో కప్పుకోకూడదని షరతు పెట్టారు. ఒళ్లు కప్పుకోవడమే పొగరు అనిపించుకున్న కాలం అది. నిండుగా బట్ట కట్టడమే మన సనాతన పద్ధతి అని ఎవరైనా ఘంటాపథంగా చెబుతుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

మగవాళ్ల ఒంటికి ఈ లెక్కలేవీ వర్తించవన్నది మీరూ గమనించే ఉంటారు. ధర్మస్థలలో చొక్కా విప్పితే గానీ మగవాళ్లను మంజునాథుడి దర్శనానికి వదలరు, అది భక్తి. లుంగీ మోకాళ్ల పైకి మడిచి కట్టుకుని పాల ప్యాకెట్టుకు వెళ్లే పెద్దమనిషిని ఎవరూ ఏమీ అనరు, అది ఉక్కపోత. గుడికి గుడి పద్ధతి, ఆఫీసుకు ఆఫీసు పద్ధతి ఉండటాన్ని నేను కాదనను. ఆ పద్ధతి ఇద్దరికీ ఉండాలంటాను.

మీరు కొత్తగా వచ్చారు కాబట్టి మీకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. కదిరి నుంచి వచ్చి మా కొట్లో హుక్కులు, కాజాలు కుట్టడానికి చేరిన ఒక కుర్రాడు ఉన్నాడు. చేరిన కొత్తలో పక్క అపార్ట్‌మెంటు అమ్మాయి ఎవరైనా నిక్కరుతో వచ్చి చీర ఇస్తే, వాడు తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూనే ఉండేవాడు, ఆ దారం ఎంతకీ ఎక్కేది కాదు. ఆమె మెట్లు దిగేటప్పుడు మాత్రం తల ఎత్తేవాడు. నేను వాడిని తిట్టలేదు, పని పెంచాను. ఇప్పుడు అదే అమ్మాయి వస్తే "ఫాల్ ఒక్కటేనా, పికో కూడా చెయ్యాలా అక్కా?" అని అడిగి చీర అందుకుంటాడు. వాడిలో కోరికలేమీ చచ్చిపోలేదు, ఎవరితోనో గంటలకొద్దీ ఫోన్ మాట్లాడుతూనే ఉంటాడు. మోకాళ్లు వాడికి వింత కాకుండా పోయాయి, అంతే. మీకూ కొన్నాళ్లకు అంతే అవుతుంది.

అయితే చూపు పడటం వేరు, చూపు అక్కడే పెట్టి ఉంచడం వేరు. మొదటిది మన చేతిలో లేదు, రెండోది పూర్తిగా మన చేతిలోనే ఉంది. లిఫ్టులో నాలుగో అంతస్తు నుంచి కింది దాకా ఒకే చోట చూస్తూ నిలబడితే, అది ఆకర్షణ అని మీరు అనుకోవచ్చు, ఆమెకు మాత్రం అది తలుపులు తెరుచుకునే దాకా భరించాల్సిన భయం. కామెంటు చెయ్యడం, వద్దన్నా వెంటపడటం, సైగలు చెయ్యడం అనేవి ఇంకా ముందుకు పోయి నేరాలవుతాయి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 75, 78, 79 సెక్షన్లు వీటి గురించే చెబుతాయి, వాటిలో ఎక్కడా ఆమె ఏం తొడుక్కుందన్న ప్రస్తావన లేదు. 2022 ఆగస్టులో కోజికోడ్ సెషన్స్ కోర్టు ఒక కేసులో ముందస్తు బెయిలు ఇస్తూ ఫిర్యాదు చేసినామె దుస్తులు రెచ్చగొట్టేలా ఉన్నాయని రాసింది. ఆ బెయిలును రద్దు చెయ్యకపోయినా, కేరళ హైకోర్టు అక్టోబరులో ఆ వ్యాఖ్యను మాత్రం తీసేసింది. మన బెంగళూరులోనూ 2016 డిసెంబరు 31 రాత్రి ఎం.జి. రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు మీద గుంపులో అమ్మాయిలను వేధిస్తే, అప్పటి కర్ణాటక హోంమంత్రి పాశ్చాత్యుల దుస్తులను అనుకరించడం గురించి మాట్లాడి దేశమంతటా చీవాట్లు తిన్నారు.

ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అని పెద్దవాళ్లు నేటికీ ఆడపిల్లలకు చెబుతుంటారు. ప్రేమతోనే చెబుతారు, కాదనను. కానీ ఆ సామెత ముల్లును ఒక్క ముక్క కూడా అడగదు. పైగా నిండుగా చుడీదారు వేసుకుని చున్నీకి పిన్ను పెట్టుకున్న పిల్లలు కూడా బస్సులో ఎవరో చేసిన పాడు పని చెప్పుకుని నా ముందు ఏడ్చారు. గుడ్డ పొడవు పెరిగితే రక్షణ పెరుగుతుందన్న భరోసా కొలతలు తీసే మనిషిగా నేను ఇవ్వలేను.

మీ చెల్లెలి విషయానికి వస్తే, ఆమెకు దుస్తుల పాఠం చెప్పకండి. అది మీ అమ్మగారు ఎటూ చెప్పే ఉంటారు. అంతకంటే పనికొచ్చేవి ఉన్నాయి. పీజీ నుంచి ఆఫీసుకు ఏ దారిలో రాత్రి దీపాలు సరిగ్గా ఉంటాయో, షిఫ్టు ఆలస్యమైతే ఆఫీసు క్యాబ్ ఇస్తుందో లేదో ఇద్దరూ కలిసి చూసుకోండి. 112 నంబరు ఆమె ఫోన్‌లో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవడైనా వెకిలి వేషాలు వేశాడని ఆమె మీకు ఫోన్ చేస్తే "అప్పుడు ఏం వేసుకున్నావు?" అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు, అది ఒక్కసారి వస్తే రెండోసారి ఆమె మీకు ఫోన్ చెయ్యదు. బట్టలు కుట్టించుకోవాలంటే నా దగ్గరికి తీసుకురండి. ఆమె కొలతలు ఆమె చెబుతుంది, మీరు బయట కుర్చీలో కూర్చోవచ్చు, టీ తెప్పిస్తాను.