కనెక్టెడ్ అంటుంది, పెద్ద ఫైలు మాత్రం తెరుచుకోదు

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడకి ఇల్లు మారి కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాం. అప్పటినుంచి ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) ‘కనెక్టెడ్’ అని చూపిస్తుంది, చాట్ మెసేజీలు వస్తాయి, కానీ ఆఫీసు ఫోల్డర్‌లో పెద్ద ఫైలు తెరవబోతే తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద అన్నీ బాగున్నాయి. వీపీఎన్‌ని రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. విండోస్ మార్చేయమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: విండోస్ జోలికి వెళ్లకండమ్మా. హాట్‌స్పాట్ మీద పనిచేస్తోందంటే మీ ల్యాప్‌టాప్, పాస్‌వర్డ్, ఆఫీసు సర్వర్ బాగున్నట్టే. తేడా ఇంటి లైన్ దగ్గరే ఉంది.

చిన్నవి వెళ్లి పెద్దవి ఆగుతున్నాయంటే నేను మొదట అనుమానించేది ఎంటీయూనే. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది. ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దది పంపొచ్చో చెప్పే హద్దు అది. మామూలుగా 1500 బైట్లు. రూటర్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చే పీపీపీఓఈ లైన్ అయితే 8 బైట్లు దానికే పోయి, సాధారణంగా 1492 మిగులుతుంది. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కీ ఇంకో కవరు తొడుగుతుంది కాబట్టి మరికొన్ని పదుల బైట్లు పోతాయి. హద్దు దాటితే ‘చిన్నది చేసి పంపు’ అని దారిలోని రూటర్ కబురు చేయాలి. మధ్యలో ఏ ఫైర్‌వాలో (నెట్ రాకపోకలకి కాపలా ఉండేది) ఆ కబురును ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి సంగతి తెలియక, అదే సైజు మళ్లీ మళ్లీ పంపుతుంటుంది.

వీపీఎన్ ఆపి, ఇంటి వైఫై మీదే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (అవతలి సర్వర్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) ఇలా ఒకే వరసలో కొట్టండి: ping 8.8.8.8 -f -l 1472. రిప్లై రాకపోతే 1464, తర్వాత 1452, అలా తగ్గిస్తూ పోండి. రిప్లై వచ్చిన పెద్ద అంకెకి 28 కలిపితే మీ లైన్ ఎంటీయూ తెలుస్తుంది. ఆ అంకె, హాట్‌స్పాట్ సంగతి రెండూ రాసి, వీపీఎన్ అడాప్టర్ ఎంటీయూని 1300కి దించి చూడమని మీ ఐటీ వాళ్లని అడగండి. ‘వీపీఎన్ పనిచేయట్లేదు’ అని ఒక్క ముక్క రాస్తే వాళ్లకి దారి దొరకదు.

సీతమ్మధారలో ఒక ఆడిటర్ గారింట్లో కూడా ఇలాగే హాట్‌స్పాట్ మీద వచ్చేది, వైఫై మీద వచ్చేది కాదు. సెప్టెంబరు 30 గడువుకి రెండే రోజులు. పాపం, ఆయన నిద్రపోలేదు. కానీ అక్కడ సర్వర్ చిన్న పింగ్‌కి కూడా పలకలేదు. చూస్తే ఇంటి రూటర్, ఆఫీసు నెట్‌వర్క్ రెండింటి ఐపీ అడ్రసులూ 192.168.1 వరసే. ఆఫీసు సర్వర్‌ని ల్యాప్‌టాప్ ఇంట్లోనే వెతుక్కుంటోంది. రూటర్‌ని 192.168.50 వరసకి మార్చగానే సరిపోయింది. మీకు చాట్ వస్తోంది కాబట్టి ఇది కాకపోవచ్చు, అయినా కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి, మీ ఇంటి వరస ఆఫీసు వరసా ఒకటేనేమో ఒకసారి చూసుకోండి.

ఎవరైనా ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఆపేయమంటే మాత్రం ఒప్పుకోకండి. అర్జెంటు పని ఉన్న రోజు హాట్‌స్పాట్ మీదే కానివ్వండి. పింగ్‌లో ఏ అంకె దగ్గర రిప్లై వచ్చిందో నాకూ రాయండి.