అల్లుడికి, నానోఫైబర్ మిషను కట్టే ముందు

అల్లుడికి మామ ఆశీస్సులు.

ఒంగోలులో మీ ల్యాబులోనే ఎలక్ట్రోస్పిన్నింగ్ మిషను, అదే హైవోల్టేజితో ద్రావణాన్ని అతి సన్నటి నానోఫైబర్ పోగులుగా లాగే మిషను, కట్టుకుంటామని నువ్వు పంపిన బొమ్మ చూశాను. సిరంజి, సూది, ఎదురుగా రేకు బాగానే గీశావు. మరి ఎర్తు ఎక్కడరా?

ఆ సూదికి 15, 20 కిలోవోల్టులు ఇస్తావు. పాత టీవీ ట్రాన్స్‌ఫార్మర్‌తో లాగించేద్దామన్న ఆలోచన మానుకో. దానికి నిలకడ ఉండదు. కరెంటుకు హద్దు పెట్టుకునే వీలున్న సప్లై కొను, డబ్బు మిగుల్చుకోవాలంటే మిగతావాటిలో మిగుల్చుకో. కావలిలో నేను ల్యాబు చూసుకునే రోజుల్లో ఒకసారి, స్విచ్ ఆపేశాను కదా అని సూది చివర గడ్డకట్టిన బొట్టు తుడవబోయాను. కెపాసిటర్లలో ఛార్జి అలాగే ఉంది. స్టూలుతో సహా వెనక్కి పడ్డాను. మీ అత్తకు మెట్ల మీద జారానని చెప్పాను, నువ్వు బయటపెట్టకు.

అందుకని బారెడు పీవీసీ పైపు చివర రాగి కొక్కెం బిగించి, దాని వైరు నేరుగా ఎర్తుకు కట్టు. మీటరు సున్నా చూపించినా సరే, ముందు ఆ కొక్కెం సూదికి తగిలించి వదిలెయ్, తర్వాతే చెయ్యి పెట్టు. అక్రిలిక్ పెట్టె తలుపు తెరిస్తే సప్లై ఆగిపోయేలా స్విచ్ పెట్టు. ఎండాకాలంలో ఎర్తు గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయిస్తూ ఉండు.

సిరంజిని నెమ్మదిగా నెట్టే పంపుకి స్టెప్పర్ మోటారు చాలు. పది మిల్లీలీటర్ల సిరంజితో గంటకు అర మిల్లీలీటరు వదలాలంటే ప్లంజరు మూడు మిల్లీమీటర్లే జరగాలి. కాబట్టి చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిగే స్క్రూ వద్దు, 2 మిల్లీమీటర్లది తీసుకో. సూది మొన వాలుగా ఉంటే కోసి, చదునుగా అరగదీయి.

మొదట పీవీఏతోనే (నీళ్లలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్) మొదలుపెట్టు. వంద గ్రాముల ద్రావణంలో పది గ్రాములు. చల్లటి నీళ్లలో చల్లి, తర్వాతే 90 డిగ్రీల దాకా వేడి చెయ్యి, వేడినీళ్లలో పోస్తే సంగటిలా ఉండలు కడుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే బుడగలు పోతాయి. సూదికీ రేకుకీ మధ్య 15 సెంటీమీటర్లు.

వెనక నుంచి టార్చి వేసి చూడు. వోల్టేజి పెంచేకొద్దీ వేలాడే బొట్టు శంకువులా సాగి, మొన నుంచి సన్నటి ధార లేస్తుంది. 1964లో బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్ దీనికి లెక్క కట్టాడు, అందుకే టేలర్ శంకువు అంటారు. శంకువు రాకుండా బొట్లు రాలుతుంటే పంపు తగ్గించు. మైక్రోస్కోపులో పోగుల మీద పూసలు కనిపిస్తే ద్రావణం పల్చనైందన్నమాట.

అన్నీ సరిగ్గా ఉన్నా పోగు రాకపోతే గాలిని అనుమానించు. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ. అక్టోబరు, నవంబరు వానల్లో మాకైతే పోగులు తడిగానే పడి, రేకు మీద ఒకదానికొకటి అతుక్కుని జిగురు పొరలా అయ్యేవి. పెట్టెలో హైగ్రోమీటరు పెట్టు. యాభై శాతం దాటితే ఏసీ వేసి, పెట్టెలో సిలికా జెల్ ఉంచి ఆగు.

ఆదివారం పొద్దున ప్యాసింజరుకు వస్తున్నా. ఈలోగా పంపు ఒక్కటే నీళ్లతో నడిపి చూసుకో. హైవోల్టేజి మాత్రం నేను వచ్చేదాకా కలపకు.

మీ మామ