స్టాప్‌వర్డ్స్‌తో పాటు అసలు సంగతే పోతోంది

సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్ వాక్యాలను పెర్ఫార్మెన్స్, సెక్యూరిటీ లాంటి రకాలుగా విడదీసే మీ క్లాసిఫయర్, ప్రామిస్ ఎన్‌ఎఫ్‌ఆర్ (ముందే లేబుల్స్ వేసి ఉన్న రిక్వైర్‌మెంట్ వాక్యాల) డేటాసెట్ మీద 90 శాతం దాటినా, మీ ఆఫీసు రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ ఇవ్వగానే బోర్లా పడిందన్నారు కదా. అప్పుడే బెర్ట్ లాంటి పెద్ద భాషా మోడల్ జోలికి వెళ్లకండి.

మీ కోడ్‌లో స్టాప్‌వర్డ్స్ ('ద', 'ఈజ్' లాంటి తరచూ వచ్చే చిన్న పదాలు), అంకెలు రెండూ తీసేస్తున్నారు. "రెస్పాన్స్ 2 సెకన్లు దాటకూడదు" అన్న వాక్యంలో పెర్ఫార్మెన్స్ ఆనవాలు ఆ 2 సెకన్లే! ఎన్‌ఎల్‌టీకే అనే పైథాన్ లైబ్రరీ ఇచ్చే ఇంగ్లీషు స్టాప్‌వర్డ్స్ జాబితాలో 'నాట్' కూడా ఉంది. అది పోతే "పాస్‌వర్డ్ చూపకూడదు" కాస్తా "చూపాలి" అయి కూర్చుంటుంది. నేనూ ఓసారి ఇలాగే వారం పోగొట్టుకున్నాను.

ఇంకోటి, ప్రామిస్‌లోని ఆ 625 వాక్యాలు 15 ప్రాజెక్టులవి. మీరు అన్నీ కలిపేసి నేర్పడానికి 80 శాతం, పరీక్షించడానికి 20 శాతంగా విడగొట్టారు. ఒకే ప్రాజెక్టు వాక్యాలు రెండు వైపులా పడ్డాయి, మోడల్ ఆ ప్రాజెక్టు పదాలనే బట్టీ పట్టింది. సైకిట్‌లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో, ఒక గుంపును రెండు వైపులా పడనివ్వని గ్రూప్‌కేఫోల్డ్ వాడి ప్రాజెక్టుల వారీగా విడగొట్టండి. స్కోరు పడిపోతుంది, కంగారు పడొద్దు, మీ అసలు స్కోరు అదే. పోర్టబిలిటీ (వేరే సిస్టమ్‌లోనూ నడవడం) అనే రకానికి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, దాన్ని వదిలేయండి.

తర్వాత మీ డాక్యుమెంట్‌లోంచే ఓ రెండొందల వాక్యాలకు ఇద్దరితో విడివిడిగా లేబుల్స్ వేయించండి. ఇద్దరికీ పొంతన కుదరని వాక్యాలు ఇక్కడ పెడితే చూస్తాను. ఆఫీసు వివరాలు మాత్రం తీసేసి పెట్టండి.