రాయితీ మిగిలింది మీకు కాదు, లోన్ యాప్‌కు

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగిని. చేతికొచ్చే జీతం 58 వేలు, అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 34 వేలు. హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ వైపు 200 గజాల ప్లాటు ఉంది. 2025 మార్చిలో 25 శాతం రాయితీ పోతుందేమోనని లోన్ యాప్‌లో 99 వేలు తీసుకుని ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణ) ఫీజు కట్టేశాను. నెలకు 7,200 చొప్పున 18 కిస్తీల్లో ఇంకా నాలుగున్నాయి. ఇప్పుడు ఇల్లు మొదలుపెడదామంటే, పర్మిషన్ ఫీజులన్నీ కలిపి లక్షా 80 వేలు అవుతాయని ఇంజినీర్ అంటున్నారు. ఒకసారి కట్టాక మళ్లీ ఇదేంటి సార్? పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? బ్యాంకులో 11 వేలున్నాయి. నెలకు 15 వేలు కడుతున్న 3 లక్షల చిట్టీ ఇంకో ఎనిమిది నెలల్లో పూర్తవుతుంది.

జవాబు: తీసుకోవద్దు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది లక్షా 80 వేలు కాదు, ఆ 11 వేలు. దాని సంగతికి వస్తాను. ముందు ఫీజుల సంగతి.

మీరు ఒకే పనికి రెండుసార్లు కట్టడం లేదు. లేఅవుట్ వేసినవాళ్లు అనుమతి తీసుకోకుండా, పార్కుకు జాగా వదలకుండా ప్లాట్లు అమ్ముకుని వెళ్లిపోయారు. ఆ లోటును కొన్నవాళ్ల దగ్గర రాబట్టడమే ఎల్ఆర్ఎస్. రిజిస్ట్రేషన్ నాటికి గజం విలువ 4 వేలు అనుకోండి. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. మీటరుకు 400 చొప్పున 66,800. గజం 4 వేల విలువకు అందులో 30 శాతమే కట్టాలి, అంటే సుమారు 20 వేలు. అసలు భారం, వదలని పార్కు జాగాకు బదులు కట్టే ఖాళీ స్థలం చార్జీ: ప్లాటు విలువలో 14 శాతం, 1,12,000. మొత్తం 1,32,000. ఇదంతా 2020 జీవోల్లోనే ఉంది. దరఖాస్తు పెట్టినప్పుడే పావుగంట కూర్చుని లెక్క వేసుకోవాల్సింది. గజం రేటు అడుగుతాం, చదరపు అడుగుకు మేస్త్రీ రేటు అడుగుతాం, ఈ ఫీజుల గురించి మాత్రం ఎవరం అడగం.

పర్మిషన్ ఫీజు నేలకు కాదు, మీరు కట్టబోయే ఇంటికి. కొత్త ఇల్లు లేస్తే రోడ్డు మీద, డ్రైనేజీ మీద పడే భారంలో మీ వంతు అది. అందులో చాలావరకు స్లాబు విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. నిర్మాణ ఖర్చు పరిమితి దాటితే భవన కార్మికుల సంక్షేమానికి వసూలు చేసే కార్మిక సెస్ అదనం. కాబట్టి పై అంతస్తు కూడా ఇప్పుడే ప్లాన్‌లో పెట్టించారా అని ఇంజినీర్‌ను అడగండి. నోటిమాట చాలదు, పద్దు వారీగా కాగితం మీద రాసిమ్మనండి.

ఇక మీ రాయితీ. 1,32,000లో 25 శాతం, అంటే మిగిలింది 33 వేలు. యాప్‌కు కట్టేది 7,200 ఇంటూ 18, అంటే 1,29,600. వడ్డీయే 30,600. ప్రాసెసింగ్ ఫీజు అంటూ మొదట్లోనే ఓ 3 వేలు కోసుకుని ఉంటే, రాయితీ మొత్తం వాళ్ల జేబులోకి పోయి పైన ఇంకో 600 మీరే ఇచ్చినట్టు! పోనీ గడువైనా నిలబడిందా? మార్చి 31 అన్నది ఏప్రిల్ 30 అయింది, ఆ తర్వాతా పెంచారు. నెలకు 3 శాతం వడ్డీ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. పద్నాలుగు నెలలు కిస్తీలు కట్టి మళ్లీ లోన్ అని అడుగుతున్నారంటే, క్షమించాలి, నాకు ఓపిక నశిస్తోంది.

ఇప్పుడు ఆ 11 వేలు. మీ ఇంటి ఖర్చుకు అది పది రోజులకు వస్తుంది. రేపు జీతం ఒక నెల ఆగితే, ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చి అడ్మిట్ చేయాల్సి వస్తే మళ్లీ అదే యాప్ తెరుస్తారు. ఆరు నెలల ఖర్చు, 2 లక్షల 4 వేలు పక్కన పడేదాకా పునాది తవ్వొద్దు. స్థలం ఎక్కడికీ పోదు.

చిట్టీని మధ్యలో పాడొద్దు, ఎంత తొందరున్నా. చివరిదాకా ఉంటే కమీషన్ పోను 2 లక్షల 85 వేలు వస్తాయి. ముందు అత్యవసర నిధి నిండుతుంది, 81 వేలు మిగులుతాయి. నాలుగు నెలల్లో యాప్ కిస్తీ ఆగుతుంది. అప్పటి నుంచి ఆ 7,200ను, చిట్టీ అయ్యాక దానికి నెలనెలా కట్టే 15 వేలను ఫీజుల కోసం వేరే ఖాతాలో వేయండి. ఏడాది తిరిగేసరికి లక్షా 80 వేలు అప్పు లేకుండా ఉంటాయి. ఈలోగా ఫీజు కొంత పెరగొచ్చు. పెరిగినా యాప్ వడ్డీ అంత పెరగదు.

బంగారం మీద బ్యాంకు లోన్ యాప్ కన్నా నయమే కానీ, ఇప్పుడు దాని అవసరం లేదు. పీఎఫ్ జోలికి పోవద్దు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో అమ్మానాన్నలు ఉన్నారో లేదో ఈ వారమే హెచ్ఆర్‌ను అడగండి.

హోమ్ లోన్‌లో ఈ ఫీజులు కలిసిపోతాయనుకుంటే పొరపాటు. పర్మిషన్ కాగితం చూశాకే బ్యాంకు మొదటి విడత వదులుతుంది, కాబట్టి ఇది మీ చేతి డబ్బే. ఇల్లయ్యాక ఆస్తి పన్ను మొదలవుతుంది. ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కడితే 5 శాతం తగ్గింపు, బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ. ఆ 5 శాతం కోసం మాత్రం క్రెడిట్ కార్డు గీకి నాకు ఇంకో ఉత్తరం రాయకండి.