ఫోన్ ట్యాప్ చేయాలంటే కోర్టు పర్మిషన్ కావాలా?

మన దేశంలో అక్కర్లేదు, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ హోం సెక్రటరీ ఆర్డర్ ఇస్తే చాలు, జడ్జి దగ్గరికి వెళ్లే పనే లేదు. ఎందుకంటే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమైనా, కొత్తగా వచ్చిన 2023 టెలికాం చట్టమైనా ఆ పవర్ ప్రభుత్వం చేతికే ఇచ్చాయి. 1996లో సుప్రీంకోర్టు ట్యాపింగ్ అంటే ప్రైవసీలోకి చొరబడటమే అంది గానీ జడ్జి పర్మిషన్ మాత్రం తప్పనిసరి చేయలేదు, ఆర్డర్‌కి టైమ్ లిమిట్ ఉండాలి (ఇప్పుడు 60 రోజులు, పొడిగించినా 180 దాటకూడదు), తర్వాత రివ్యూ కమిటీ చూడాలి అని రూల్స్ పెట్టి ఊరుకుంది. ఆ కమిటీలో కూర్చునేదీ ప్రభుత్వ సెక్రటరీలే, అసలు తిరకాసు అక్కడే ఉంది.

అలాగని దేశభద్రత అని ఒక్క మాట అనేస్తే ఎవరి ఫోనైనా వినేయొచ్చు అనుకుంటారు చాలామంది, అదీ తప్పే. పబ్లిక్ ఎమర్జెన్సీనో, ప్రజల సేఫ్టీకి ముప్పో నిజంగా ఉండాలి. సీబీఐ పెట్టిన ఒక లంచం కేసులో అవేం లేవని 2019లో బాంబే హైకోర్టు మూడు ట్యాపింగ్ ఆర్డర్లూ కొట్టేసి, రికార్డింగులు చెరిపేయమంది. కాకపోతే ట్యాప్ చేసినట్టు మనకి చెప్పాలన్న రూల్ లేదు కాబట్టి, కేసు కోర్టుకెక్కితే తప్ప చాలాసార్లు ఆ సంగతే తెలీదు.