జావెలిన్ వేసే అబ్బాయికి మోచెయ్యి, నడుము నొప్పి: ఇంజెక్షన్ చేయించి సెలక్షన్స్‌కి పంపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది హన్మకొండ దగ్గర పల్లెటూరు. మా బాబుకి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. రెండేళ్లుగా జావెలిన్ వేస్తున్నాడు, అప్పుడప్పుడు షాట్‌పుట్ కూడా. ఐదు నెలల కింద జిమ్‌లో చేరి డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు రాడ్‌ని పట్టుకుని నిలబడేదాకా లేపడం), పవర్ క్లీన్ (రాడ్‌ని నేల మీంచి ఒక్క ఊపులో భుజాల మీదికి ఎత్తడం) మొదలుపెట్టాడు. నెల రోజుల నుంచి విసిరేటప్పుడు కుడి మోచేతి లోపలి వైపు నొప్పి అంటున్నాడు, ఈమధ్య నడుము కూడా పట్టేస్తోందట. కాలేజీలో 800 గ్రాముల జావెలినే ఉంది, దాంతోనే ప్రాక్టీస్. వచ్చే నెల అండర్-18 జిల్లా సెలక్షన్స్. మా ఊరి ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ వేస్తే నొప్పి తెలీకుండా ఆడేస్తాడు అంటున్నాడు. మా నాన్నేమో ఈ వయసులో బరువులెత్తితే పొడుగు పెరగడు, మాన్పించెయ్ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు? త్రో వీడియో, జిమ్ వీడియో పంపుతున్నాను. (ఒక తండ్రి)

జవాబు: ముందు ఇంజెక్షన్ సంగతి. వద్దండి, దయచేసి వద్దు. ఇలాంటప్పుడు ఊళ్లల్లో వేసేది ఎక్కువగా డైక్లోఫెనాక్, లేదంటే డెక్సా లాంటి స్టెరాయిడ్, ఒక్కోసారి రెండూ కలిపి. డైక్లో నొప్పిని తెలియనివ్వదు అంతే, లోపల లాగుతున్న చోట లాగుడు ఆగదు కదా, నొప్పి ఉంటే కనీసం బాబే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు, ఆ హెచ్చరిక కూడా లేకపోతే ఫుల్ రనప్‌తో వేస్తూనే ఉంటాడు. స్టెరాయిడ్ అయితే ఇంకో చిక్కు. ఈ రకం స్టెరాయిడ్ ఇంజెక్షన్లన్నీ, కండకి వేసినా కీలులో వేసినా, 2022 జనవరి నుంచి పోటీ సమయంలో డోపింగ్ నిషేధం లిస్టులో ఉన్నాయి. నాడా (మన దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే సంస్థ) వాళ్లు శాంపిల్ తీసుకున్న రోజు "మా ఊరి డాక్టర్ వేశాడు, మాకు తెలీదు" అంటే వదిలెయ్యరు. క్రీడాకారుడి ఒంట్లోకి ఏది వెళ్లినా బాధ్యత అతనిదే అని రూలు.

ఇక మోచెయ్యి. మోచేతి లోపలి వైపు వేలితో తడిమితే ఒక ఎముక బొడిపె తగులుతుంది చూడండి, 16 ఏళ్లకి చాలామంది అబ్బాయిల్లో అది ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండదు, మధ్యలో ఎదిగే మెత్తటి పొర ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటాం. మణికట్టుని వంచే కండరాలు, మోచేతిని లోపలి వైపు నుంచి పట్టి ఉంచే లిగమెంటు, అన్నీ ఆ బొడిపెనే పట్టుకుని ఉంటాయి. జావెలిన్ వదిలే ముందు క్షణంలో మోచెయ్యి ముందుకొచ్చేస్తుంది, ముంజెయ్యి వెనకే ఉండిపోతుంది, అప్పుడు లోపలి వైపంతా సాగుతుంది, బయటి వైపు ఎముకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. పెద్దవాళ్లలో దెబ్బ లిగమెంటుకి తగులుతుంది, పిల్లల్లో ఎక్కువగా ఆ పొరే ముందు లొంగిపోతుంది, కొందరిలో ఒక్క గట్టి త్రోకే బొడిపె ఊడొస్తుంది కూడా. అందుకే నెల రోజుల నొప్పి అంటే నేను తేలిగ్గా తీసుకోలేను. రెండు మోచేతులకీ ఎక్స్‌రే తీయించండి, కుడిదొక్కటే తీస్తే సరిపోదు, ఈ వయసులో ఎడమదాంతో పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. దాంట్లో ఏమీ కనబడకపోయినా నొప్పి ఉంటే ఎమ్మారై అవసరం పడొచ్చు.

నీరజ్ చోప్రాకి 2019 మే నెలలో కుడి మోచేతికే ఆపరేషన్ జరిగింది, ఆ సీజన్ దాదాపు మొత్తం పోయింది. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు వేసి ఒలింపిక్స్‌కి క్వాలిఫై అయ్యాడు, 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58తో గోల్డ్ కొట్టాడు. ఒక సీజన్ పోతే కెరీర్ పోదు, ఈ మాట మీ బాబుకి చెప్పండి. సెలక్షన్స్ మళ్లీ వస్తాయి.

మీరు పంపిన త్రో వీడియో స్లో చేసి చాలాసార్లు చూశాను. బలం బాగా ఉంది, రనప్ కూడా చక్కగా ఉంది. తేడా ఆఖరి రెండు అడుగుల్లో వస్తోంది. ఎడమ కాలు నేల మీద ఇంకా ఆనకముందే చెయ్యి మొదలైపోతోంది. తర్వాత ఆ ఎడమ మోకాలు మడతపడి ఒళ్లంతా దాని మీద కూలబడుతోంది. మోచెయ్యి భుజం కంటే కిందకి జారి పక్కకి వెళ్లిపోయింది, జావెలిన్ మొన కుడి వైపు తిరిగింది, దాంతో బలం జావెలిన్ పొడుగునా వెళ్లకుండా అడ్డంగా వెళ్లింది. ఆ అడ్డం లాగుడంతా మోసేది ఇందాక చెప్పిన బొడిపే. రూల్ ప్రకారం కూడా జావెలిన్ భుజం మీదుగానే వెళ్లాలి, పక్కనుంచి తిప్పి విసరకూడదు.

సరైన వరస ఎలా ఉండాలంటే, కుడిచేతి వాటం వాళ్లకి చెప్తున్నాను, కుడి పాదం పడగానే కుడి మోకాలు, తుంటి లోపలికి తిరిగి ముందుకు తొయ్యాలి, అప్పటికి చెయ్యి ఇంకా వెనకే చాచి ఉండాలి, అరచెయ్యి ఆకాశం వైపు, చెయ్యి భుజమంత ఎత్తులో. వెంటనే ఎడమ కాలు తిన్నగా, గట్టిగా నాటుకోవాలి, ఆ కాలు బిగుసుకుంటేనే పరుగులో వచ్చిన వేగం పైకెక్కుతుంది. అప్పుడు ఛాతీ ముందుకు తెరుచుకుంటుంది, ఎడమ చెయ్యి ఒంటి దగ్గరికి ముడుచుకుంటుంది, దాని తర్వాతే మోచెయ్యి, ఎత్తుగా, తలకి దగ్గరగా, అన్నిటికంటే ఆఖర్న అరచెయ్యి. కాళ్లు, తుంటి, నడుము, ఛాతీ, భుజం, మోచెయ్యి, వేళ్లు, ఈ వరస తప్పితే కాళ్లు ఇవ్వాల్సిన బలం చెయ్యి ఇవ్వాల్సొస్తుంది. మీ బాబు విషయంలో జరుగుతున్నది ఇదే. చేతికి టేప్ చుట్టినా, ఎల్బో క్యాప్ పెట్టినా ఇది మారదు, ఎడమ కాలు నిలబడటం నేర్చుకుంటేనే మారుతుంది.

800 గ్రాముల జావెలిన్ పెద్ద మగవాళ్లది. అండర్-18 అబ్బాయిలకి 700 గ్రాములు. తేడా వంద గ్రాములే కదా అనిపిస్తుంది గానీ ఆ వేగంలో, రోజూ, ఎదిగే ఎముక మీద అది చిన్న విషయం కాదు. పైగా వాడు పోటీలో వెయ్యాల్సింది 700దే కదా, కాలేజీ పీడీ (ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్) గారితో మాట్లాడి ఒకటి తెప్పించండి, ఈ ఒక్క పని మాత్రం వాయిదా వెయ్యొద్దు.

షాట్‌పుట్ గురించి కొంచెం. గుండుని విసరకూడదు, నెట్టాలి. అరచేతిలో కాకుండా వేళ్ల మొదళ్ల మీద ఉండాలి, దవడ కింద మెడకి ఆని ఉండాలి, మోచెయ్యి దాని వెనక ఎత్తుగా ఉండాలి. మోచెయ్యి కిందకి పడిపోతే గుండు భుజం వెనక్కి జారుతుంది, అప్పుడది క్రికెట్ బాల్ విసిరినట్టు అయిపోతుంది, ఫౌల్ సంగతి అటుంచితే 5 కేజీల ఇనుముతో ఆ పని చేస్తే మోచెయ్యీ భుజమూ రెండూ పోతాయి. ప్రస్తుతం అది కూడా ఆపెయ్యమనండి.

ఇప్పుడు జిమ్ వీడియో. డెడ్‌లిఫ్ట్‌లో రాడ్ పాదాలకి జానెడు ముందు పెట్టి వంగాడు. లేపడం మొదలవ్వగానే పిరుదులు ముందే పైకి లేచిపోయాయి, ఛాతీ కిందే ఉండిపోయింది, వీపు గూనిలా వంగి, మిగతాదంతా నడుముతో లాగాడు. ఎనుమాముల మార్కెట్‌లో అనుభవం ఉన్న హమాలీలు మిర్చి బస్తా ఎత్తేటప్పుడు చూడండి, బస్తాని ఒంటికి ఆనించుకునే లేపుతారు, దూరంగా పెట్టుకుని ఎవరూ లేపరు. రాడ్ కూడా అంతే. షూ లేసులకి సరిగ్గా పైన ఉండాలి, కాళ్ల ఎముకకి దాదాపు తగులుతూ పైకి రావాలి. చేతులు తిన్నగా, ఛాతీ పైకి, పొట్ట నిండా గాలి పీల్చి పొట్ట చుట్టూ బిగించి, నేలని కాళ్లతో కిందకి తొక్కుతున్నట్టు లేవాలి, పిరుదులు భుజాలు రెండూ కలిసి పైకి రావాలి. కిందకి దించేటప్పుడు కూడా వీపు అదే తీరులో ఉండాలి, చాలామంది దించేటప్పుడే నడుము పట్టేయించుకుంటారు. (బీపీ ఉన్న పెద్దవాళ్లు ఇది చదివి అలా గట్టిగా ఊపిరి బిగపట్టి బరువులెత్తొద్దు, ఆ క్షణంలో బీపీ బాగా పెరుగుతుంది.) అలాగే మెత్తటి రన్నింగ్ షూ వద్దు, సోల్ గట్టిగా, బల్లపరుపుగా ఉన్నది కావాలి.

పవర్ క్లీన్‌లో మళ్లీ అదే జబ్బు, చెయ్యి తొందర. రాడ్ మోకాళ్లు దాటకముందే మోచేతులు వంచి లాగేస్తున్నాడు. కాళ్లు, తుంటి పూర్తిగా సాగి, భుజాలు ఎగరేసిన తర్వాతే మోచేతులు వంగాలి, అప్పుడు అవి చకచకా రాడ్ కిందనుంచి ముందుకి రావాలి, రాడ్ భుజాల ముందు భాగం మీద వాలాలి, మణికట్టు మీద కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కేజీల విభాగంలో మొత్తం 240 కేజీలు ఎత్తి బ్రాంజ్ తెచ్చింది, ఆ లిఫ్టుల వీడియో దొరికితే బాబుకి చూపించండి, చేతులు ఎప్పుడు వంగుతున్నాయో ఆపి ఆపి చూడమనండి. జావెలిన్ వేసేవాడికి క్లీన్ ఎందుకు చేయిస్తారంటే ఈ టైమింగ్ నేర్పడానికే, ఎన్ని ప్లేట్లు ఎక్కించాడు అన్నది తర్వాత. తప్పు టైమింగ్‌తో చేస్తే జిమ్‌లో ప్రాక్టీస్ చేసిన తప్పునే గ్రౌండ్‌లోకి మోసుకెళ్తాడు.

నడుము విషయంలో ఒక అనుమానం ఉంది. ఎదిగే వయసులో నడుముని వెనక్కి వంచి తిప్పే ఆటలు ఆడేవాళ్లకి, జావెలిన్, ఫాస్ట్ బౌలింగ్, వెయిట్‌లిఫ్టింగ్ లాంటివి, వెన్నుపూస వెనక భాగంలో సన్నటి చీలిక రావొచ్చు, స్పాండిలోలైసిస్ అంటాం, ఎక్కువగా నడుములోని ఐదో పూసలో. వంగినప్పటి కంటే వెనక్కి వాలినప్పుడు నొప్పి ఎక్కువా అని బాబుని అడగండి, ముఖ్యంగా ఒంటికాలి మీద నిలబడి వాలితే. అలా ఉంటే తప్పకుండా చూపించాలి, మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, ఎమ్మారైలో దొరుకుతుంది. తొందరగా పట్టుకుంటే ఆట ఆపి, ఫిజియోథెరపీతో చాలావరకు నయమవుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. బెల్టు పెట్టుకుని లాగించేద్దాం అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

మీ నాన్నగారికి చెప్పండి, పద్ధతిగా, దగ్గరుండి నేర్పేవాళ్లు ఉండి చేస్తే బరువుల వల్ల పొడుగు ఆగిపోదు. ఆయన భయం పూర్తిగా ఉత్తిదని అనను, తప్పుగా ఎత్తి గ్రోత్ ప్లేట్‌ని దెబ్బతీసుకుంటే ఆ ఎముకకి సమస్యే. పొడుగుని నిజంగా ఆపేవి వేరే ఉన్నాయి, కొన్ని జిమ్ముల్లో మజిల్ కోసం అని పిల్లలకి అంటగట్టే అనబాలిక్ స్టెరాయిడ్లు, అవి గ్రోత్ ప్లేట్లని ముందే మూసేస్తాయి. బాబు బ్యాగులో ఏ డబ్బా, ఏ సీసా ఉన్నా లేబుల్ చదవండి, లేబుల్ లేనిది అయితే పారెయ్యండి.

రిపోర్టులు వచ్చేదాకా విసరడం పూర్తిగా బంద్, క్రికెట్ బాల్ కూడా. డెడ్‌లిఫ్ట్, క్లీన్ బంద్. నొప్పి లేకపోతే నడక, సైకిల్, ప్లాంక్ (బోర్లా ఉండి మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం), గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపడం) చేసుకోవచ్చు. డాక్టర్ సరే అన్నాక జిమ్‌లో ముందు వట్టి కర్రతో, తర్వాత ఖాళీ రాడ్‌తో, పక్కనుంచి ఎవరైనా వీడియో తీస్తూ, వీపు వంగకుండా తిన్నగా నిలిచినన్నాళ్లే ప్లేట్లు పెంచాలి. బెంచ్ ప్రెస్ ఒక్కటే కాకుండా రోయింగ్ (బరువుని ఒంటి వైపు లాగడం), రబ్బర్ బ్యాండ్‌తో భుజం బయటికి తిప్పే ఎక్సర్‌సైజులు కూడా ఉండాలి, విసిరిన చెయ్యికి బ్రేక్ వేసేది ఆ వెనక కండరాలే. గ్రౌండ్‌లో తేలికపాటి బంతితో నిలబడి వెయ్యడం, తర్వాత మూడడుగులు, ఐదడుగులు, ఆఖర్న ఫుల్ రనప్. బలమంతా పెట్టి వేసే త్రోలు వరసగా రెండు రోజులు వద్దు, అలాంటి రోజు ముందు రోజు బరువులు కూడా వద్దు. మర్నాడు పొద్దున మోచేతి లోపల నొక్కితే నొప్పి ఉందంటే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి.

వీటిలో ఏది కనబడినా సెలక్షన్స్, రిపోర్టులు అని చూడకుండా అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి: విసిరినప్పుడు మోచేతిలో టక్‌మని శబ్దం వచ్చి వాపు రావడం, చెయ్యి పూర్తిగా చాచలేకపోవడం, ఉంగరం వేలు చిటికెన వేలు తిమ్మిరెక్కడం, కాలిలోకి నొప్పి లాగుతూ పాదం బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం. మామూలుగా వెళ్లేటప్పుడు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి ఈ రెండు వీడియోలు కూడా చూపించండి, వారానికి ఎన్ని త్రోలు వేస్తున్నాడో, ఎంత బరువు ఎత్తుతున్నాడో బాబుతోనే ఒక కాగితం మీద రాయించి తీసుకెళ్లండి.